షుగరుకు ఫోనులో వైద్యం: గోదావరి డెల్టావాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ధవళేశ్వరం దిగువన ఊళ్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి. షుగరు డాక్టర్లు మాత్రం అంత దగ్గరలో ఉండరు. లంక గ్రామం నుంచి అమలాపురం గాని, నరసాపురం వైపు పల్లె నుంచి భీమవరం గాని వెళ్లి రావాలంటే రేవు దాటాలి, ఆటో ఎక్కాలి, బస్సు పట్టుకోవాలి. ఆసుపత్రిలో పరగడుపున రక్తం ఇచ్చి, టిఫిను తిని రెండు గంటలు ఆగి మళ్లీ ఇచ్చి, రిపోర్టు కోసం కూర్చోవాలి. ఒక రోజు కూలి పోయినట్టే. అందుకే చాలామంది పాత చీటీ చూపించి అవే మాత్రలు ఏళ్ల తరబడి కొనుక్కుంటున్నారు. ఈ ప్రశ్నోత్తరాలు ముఖ్యంగా వారి కోసం.

ఇక్కడ చెప్పేదంతా టైప్‌ 2 మధుమేహం గురించి, అంటే పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే షుగరు గురించి. టైప్‌ 1 ఉన్నవారికి, గర్భిణులకు లెక్కలు వేరు. వారు ఇందులోని అంకెలను తమకు అన్వయించుకోవద్దు.

చెయ్యి పట్టి చూడకుండా ఫోనులో వైద్యం ఎలా కుదురుతుంది?

అన్ని జబ్బులకూ కుదరదు. షుగరుకు చాలావరకు కుదురుతుంది, ఎందుకంటే ఇది అంకెల జబ్బు. పరగడుపున ఎంత ఉంది, తిన్న రెండు గంటలకు ఎంత ఉంది, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంత, మధ్యలో ఎప్పుడైనా పడిపోయిందా? డాక్టరు మందు మోతాదు మార్చేది ప్రధానంగా ఈ నాలుగింటిని చూసి. ఇవన్నీ ఫోనులో చెప్పగలిగినవే. కడుపు నొప్పి వచ్చినప్పుడు ఈ వెసులుబాటు ఉండదు.

అయితే ఫోను దానంతట అది షుగరును తగ్గించదు. టెలిమెడిసిన్ మీద, అంటే ఇలా దూరం నుంచి చేసే వైద్యం మీద జరిగిన పరిశోధనల్లో హెచ్‌బీఏ1సీ కొంత మెరుగుపడినట్టు తేలిన మాట నిజమే. కానీ రోగి తన అంకెలు పంపడం, వాటిని చూసి డాక్టరు మందు సర్దడం జరిగితేనే ఆ మేలు ఉంటుంది. "మందులు వేసుకుంటున్నారా? సరే, అవే వాడండి" అని రెండు నిమిషాల్లో ముగిసే కాల్ వల్ల ఒరిగేదేమీ లేదు. కాబట్టి ఇంట్లో గ్లూకోమీటరు, ఒక నోటుపుస్తకం లేకుండా ప్రైవేటు టెలిమెడిసిన్ ప్యాకేజీకి డబ్బు కట్టవద్దనే చెబుతాను. ఆ డబ్బుతో ముందు ఆ రెండూ కొనుక్కోండి.

డెల్టాలో షుగరు కొత్తగా వచ్చిపడిన సమస్య కూడా కాదు. గోదావరి పల్లెల్లో జరిపి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 30 ఏళ్లు దాటినవారిలో దాదాపు 13 శాతం మందికి షుగరు ఉన్నట్టు తేలింది. వారిలో సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. ఇంట్లో 30 దాటినవారికి ఇంకా పరీక్ష చేయించకపోతే ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు.

నా అంకెలు ఎంత ఉండాలి?

ఎక్కువమందికి పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు ఉంటే మంచిది. వృద్ధులకు, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవారికి, షుగరు తరచూ పడిపోయేవారికి డాక్టరు ఈ గీతను కాస్త పైన గీస్తారు. మీ గీత ఎక్కడో మొదటి కాల్‌లోనే అడిగి, నోటుపుస్తకం అట్ట మీద రాసుకోండి. పక్కింటివారి గీత మీకు పనికిరాదు.

ఫోనులో రాసిన చీటీ చెల్లుతుందా?

చెల్లుతుంది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం రిజిస్టర్ అయిన ఏ డాక్టరైనా వీడియో, మామూలు ఫోను, సందేశాల ద్వారా వైద్యం చేయవచ్చు. డాక్టరు తన పేరు, అర్హత చెప్పాలి. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సంతకం చేసిన చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపినా సరిపోతుంది. ఫీజు తీసుకుంటే రసీదు ఇవ్వాలి.

"ఇది ఫోనులో తేలేది కాదు, నేరుగా రండి" అనే హక్కు కూడా డాక్టరుకు ఉంది. అలా అన్న డాక్టరును తప్పించుకుంటున్నాడని అనుకోకండి. నన్నడిగితే ఎప్పుడూ ఆ మాట అనని డాక్టరు దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

ఇంకొక మెలిక ఉంది. ఒక డాక్టరును నేరుగా కలిసిన ఆరు నెలల లోపు అదే జబ్బుకు ఫోను చేస్తే దాన్ని కొనసాగింపు వైద్యంగా లెక్కిస్తారు. అప్పుడు పాత మందులు తిరిగి రాయడం, వాటికి తోడు మరొకటి చేర్చడం డాక్టరుకు తేలిక. అసలెప్పుడూ చూడని రోగి అయితే రాయగలిగే మందులకు పరిమితులు ఉంటాయి. అందువల్ల మొదట ఒకసారి నేరుగా చూపించుకుని, ఆ తర్వాత ఫోనులోకి మారడం అన్ని విధాలా మేలు.

డబ్బు పెట్టకుండా మాట్లాడే దారి ఉందా?

ఉంది. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ఉచితం. ఆరోగ్య కేంద్రాల కోసం 2019 నవంబరులో మొదలైంది. ఇంటి నుంచే వాడుకునే వీలు 2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో వచ్చింది. దాన్ని బాగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

స్మార్ట్‌ఫోను ఉన్నవారు యాప్‌లో తమ మొబైల్ నంబరు ఇచ్చి, ఓటీపీ కొట్టి, వివరాలు నింపి టోకెన్ తీసుకోవాలి. వరుస వచ్చాక డాక్టరు వీడియోలోకి వస్తారు. కాల్ ముగిశాక చీటీ ఫోనులోకే వస్తుంది. ఇబ్బంది ఒకటే: ప్రతిసారీ అదే డాక్టరు దొరుకుతారన్న హామీ లేదు. షుగరు వంటి దీర్ఘకాలపు జబ్బుకు ఇది చిన్న లోటేమీ కాదు. మీ కథంతా తెలిసినది మీ నోటుపుస్తకానికే కాబట్టి, అది పక్కన లేకుండా కాల్‌లో కూర్చోకండి.

మాకు స్మార్ట్‌ఫోను లేదు. వాడటమూ రాదు.

మీ గ్రామ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. అక్కడి సిబ్బంది తమ కంప్యూటర్ లేదా ట్యాబ్ నుంచే ఈ-సంజీవనిలో పెద్ద కేంద్రంలోని డాక్టరును కలుపుతారు. బీపీ చూసి, వేలి రక్తం తీసి, ఆ అంకెలు డాక్టరుకు వాళ్లే చెబుతారు. ఇంట్లో ఒంటరిగా ఫోనుతో కుస్తీ పట్టడం కంటే 60 దాటినవారికి ఇదే మెరుగైన పద్ధతి. పక్కన చదువుకున్న మనిషి ఉంటుంది, మాటలు అర్థం కాకపోతే మళ్లీ చెబుతుంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వంటి మామూలు మాత్రలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. 104 వాహనం మీ ఊరికి ఏ రోజు వస్తుందో ఆశా కార్యకర్తను అడిగి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.

కాల్‌కు ముందు ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. కాల్ పది నిమిషాలే అయినా దానికి కావలసిన సరుకు వారం ముందు నుంచి పోగు చేయాలి. ఒక నోటుపుస్తకం ఇలా ఉందనుకుందాం:

సోమవారం. పరగడుపున 128. రాత్రి తిన్న రెండు గంటలకు 242. అన్నం, పప్పుచారు, బంగాళాదుంప వేపుడు.
బుధవారం. పరగడుపున 134. రాత్రి 231. అన్నం, చేపల పులుసు.
శుక్రవారం. పరగడుపున 122. మధ్యాహ్నం రెండింటికి చెమటలు, వణుకు, 64. పొలంలో ఆలస్యమైంది, అప్పటికి భోజనం చేయలేదు.

ఈ మూడు వరుసల్లో ఎంత ఉందో చూడండి. పరగడుపు అంకె దాదాపు గీత దగ్గరే ఉంది. పెరుగుతున్నది రాత్రి భోజనం తర్వాత, అంటే రాత్రి కంచంలో అన్నం సంగతి చూడాలి. శుక్రవారం పడిపోయింది, అంటే పొద్దున వేసుకున్న మాత్ర తన పని చేసింది గాని దానికి అందాల్సిన భోజనం అందలేదు. ఇదేమీ రాసుకోకుండా "షుగరు ఎక్కువగానే ఉంటోందండి" అని ఒక్క ముక్క చెబితే డాక్టరు ఏం చేస్తారు? పొద్దున మాత్ర పెంచుతారు. పై శుక్రవారం అదే మనిషి గట్టు మీద పడిపోయి ఉంటాడు.

రోజూ ఏడుసార్లు గుచ్చుకోనక్కర్లేదు. మాత్రల మీద ఉన్నవారు కాల్‌కు ముందు వారంలో రోజు మార్చి రోజు, ఒక పరగడుపు, ఒక భోజనం తర్వాత చూసుకుంటే డాక్టరుకు చాలినంత సమాచారం ఉంటుంది. ఇన్సులిన్ మీద ఉన్నవారు ఎన్నిసార్లు చూసుకోవాలో డాక్టరునే అడగాలి. స్ట్రిప్పుల ఖరీదు చాలామందికి భారమే కాబట్టి ఉన్న స్ట్రిప్పులను ఏ పూటకు వాడాలో అడగడం కూడా కాల్‌లో భాగమే.

వాడుతున్న మందులన్నిటినీ, బీపీ మాత్రలు, ఆయుర్వేదం, పసరు మందులతో సహా, ఒక పళ్లెంలో పెట్టుకుని కెమెరాకు చూపండి. పేర్లు నోటితో చదవడం ప్రమాదం. ఒకే పేరు చివర ఎం1, ఎం2 అన్న తేడా మాత్రమే ఉన్న మాత్రలు చాలా ఉన్నాయి, ఆ చివరి అంకెలోనే మోతాదు సగమో రెట్టింపో అవుతుంది. మొహం మీద వెలుగు పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోండి. మరిచిపోయిన పూటల సంగతి దాచకండి. వారంలో నాలుగు పూటలు మాత్ర వేసుకోని మనిషి "అన్నీ వేసుకుంటున్నానండి" అంటే డాక్టరు మందు చాలలేదనుకుని పెంచుతారు. తర్వాత బుద్ధిగా అన్ని పూటలూ వేసుకోవడం మొదలుపెట్టినప్పుడు షుగరు పడిపోతుంది.

ఇంట్లో గ్లూకోమీటరు అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

ల్యాబు అంకెకు 15 శాతం అటూ ఇటూగా చూపడం మామూలే. 140, 152 మధ్య తేడా చూసి కంగారు పడనక్కర్లేదు. అసలు తప్పులు వేరే చోట జరుగుతాయి. మామిడిపండు కోసిన చేత్తోనో బెల్లం ముట్టుకున్న చేత్తోనో గుచ్చుకుంటే వేలికి అంటిన తీపి కూడా లెక్కలోకి వస్తుంది. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని, వేలి కొసన మధ్యలో కాకుండా పక్కన గుచ్చుకోవాలి. నొప్పీ తక్కువ. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి. గడువు తేదీ దాటిన స్ట్రిప్పును ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా పారేయాలి. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ కూడా దారి తప్పించవచ్చు, కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

గుచ్చుకోకుండానే రోజంతా షుగరు చూపే, చేతికి అంటించుకునే సెన్సర్ కొనమంటారా?

రోజుకు రెండుమూడుసార్లు ఇన్సులిన్ తీసుకునేవారికి, తెలియకుండానే షుగరు పడిపోయేవారికి ఉపయోగం. మాత్రలతో నడుస్తున్నవారికి ఎప్పుడైనా ఒక విడత పెట్టుకుంటే ఏ తిండికి ఎంత పెరుగుతోందో కంటికి కనిపిస్తుంది. నెలనెలా కొనాల్సిన అవసరం నాకు కనిపించదు.

ఇన్సులిన్ కూడా ఫోనులోనే చూసుకోవచ్చా?

మోతాదు సర్దుబాటు వరకు చూసుకోవచ్చు, అది ఫోనుకు బాగా నప్పే పని. రెండుమూడు రోజుల అంకెలు పంపితే డాక్టరు రెండు యూనిట్లు పెంచమనో తగ్గించమనో చెబుతారు. కానీ మొదటిసారి వేసుకోవడం మాత్రం మనిషి ఎదురుగా నేర్చుకోవాలి. పొట్ట మీద ఎక్కడ, ఎలా గుచ్చాలి, చోటు ఎలా మార్చాలి అన్నవి చేసి చూపిస్తేనే వస్తాయి.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నుల్లో వాడేది 100 యూనిట్లది. 100 యూనిట్ల సీసాలు కూడా ఉన్నాయి. సిరంజీలూ రెండు రకాలు: 40 వాటికి ఎర్ర మూత, 100 వాటికి నారింజ రంగు మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజీతో "20 గీతల" వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. ప్రాణం మీదికి వచ్చే పొరపాటు అది. ఫోనులో డాక్టరు "20 యూనిట్లు" అన్నప్పుడు ఆ మాట ఏ సీసాకు, ఏ సిరంజీకి అన్నది తెలియదు. అందుకని సీసాను, సిరంజీని కెమెరా ముందు పక్కపక్కన పట్టి చూపించి, అంకె చెప్పించుకోండి. మందుల షాపులో సిరంజీ మారినా, ఇన్సులిన్ కంపెనీ మారినా మళ్లీ చూపండి.

ఫోనులో కుదరనివి ఏమిటి?

పాదాలు, కళ్లు, కిడ్నీలు. షుగరు చడీచప్పుడు లేకుండా దెబ్బతీసేది వీటినే.

పాదాల సంగతి డెల్టాలో మరీ ముఖ్యం. నాట్ల రోజుల్లో గంటల తరబడి బురదలో ఉంటాం. చేపల, రొయ్యల చెరువుల్లో పట్టుబడి రోజున వట్టి కాళ్లతో నీళ్లలో దిగుతాం. కార్తీకంలో రేవు మెట్ల మీద చెప్పులు విప్పుతాం. నరాలు మొద్దుబారిన కాలికి గుల్ల కోసినా, చెప్పులో చిన్న గులకరాయి రోజంతా నలిపినా తెలియదు. నడుస్తుండగా చెప్పు జారిపోయి, నాలుగడుగులు వేశాక గాని తెలియలేదంటే ఆ కాలికి స్పర్శ తగ్గిందనే అనుమానించాలి. రాత్రి పడుకునే ముందు నేల మీద అద్దం పెట్టి అరికాలు చూసుకోండి. వేళ్ల సందులు విడదీసి చూడండి. తెల్లగా నాని ఉందా, చీలిందా, ఎక్కడైనా ఎర్రగా వేడిగా ఉందా? కనిపించినదాన్ని ఫొటో తీసి డాక్టరుకు పంపవచ్చు, వెంటనే బయలుదేరాలా రేపటిదాకా ఆగవచ్చా అని తేల్చడానికి అది పనికొస్తుంది. అంతేగాని పుండుకు ఫోనులో వైద్యం లేదు. ఏడాదికి ఒకసారైనా సన్నని నైలాన్ పోగుతో పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి.

కళ్లకు "చూపు బాగానే ఉంది కదా" అన్న మాట చెల్లదు. లోపలి రెటీనా దెబ్బతినడం మొదలైన చాలాకాలం వరకు చూపు బాగానే ఉంటుంది. షుగరు ఉందని తెలిసిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చూపించాలి. కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడుపుకుంటూ వెళ్లకండి. కిడ్నీలకు మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు ఏడాదికోసారి చేయించాలి. వీటి రిపోర్టులు మాత్రం ఫోనులోనే చూపించవచ్చు.

ఎప్పుడు కాల్ మానేసి 108కి ఫోను చేయాలి?

ఛాతీలో బరువు, ఎడతెగని ఆయాసం, మూతి వంకర పోవడం, కాలో చెయ్యో చచ్చుబడటం, హఠాత్తుగా చూపు పోవడం, మాట తడబడి మనిషి మత్తుగా అవడం, 300 దాటిన షుగరుతో పాటు వాంతులు, కడుపు నొప్పి లేదా లోతైన వేగమైన శ్వాస, కాలు నల్లబడటం. షుగరు ఉన్నవారిలో గుండెపోటు నొప్పి లేకుండానే, చెమటలు, ఆయాసం, నీరసంతోనే రావచ్చు. "గ్యాసు అయి ఉంటుంది" అని టోకెన్ తీసుకుని వరుసలో కూర్చోవద్దు.

షుగరు పడిపోతే ఇంట్లో ఏం చేయాలి?

70 కంటే తగ్గితే, లేదా మీటరు దగ్గర లేకపోయినా చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. గ్లూకోజ్ పొడి అయినా సరే. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. కొబ్బరి బొండం తాగించి కూర్చోబెట్టడం మన వైపు అలవాటు గాని, అందులో ఉండే చక్కెర ఈ పనికి నమ్మదగినంత కాదు. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, 108ని పిలవాలి. గ్లిమిపిరైడ్ వంటి మాత్రల వల్ల పడిపోయిన షుగరు కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు. ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు ఉండవచ్చా?

ఉపవాసం నాటి ఉదయం కాదు, వారం రెండు వారాల ముందు ఫోను చేసి అడగండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ప్రమాదం తక్కువ. గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వాడేవారు మామూలు మోతాదు వేసుకుని పొద్దుగూకేదాకా తినకుండా ఉంటే షుగరు పడిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. డాక్టరు మోతాదు తగ్గిస్తారు, వేళ మారుస్తారు, కొందరిని వద్దనే అంటారు. మధ్యలో 70 కంటే తగ్గినా 300 దాటినా ఉపవాసం ఆపేయాలి. రక్తపు చుక్క తీసి చూసుకుంటే రోజా భంగం కాదని మతపెద్దలు చాలామంది చెబుతారు కాబట్టి పరీక్ష మానకండి.

అన్నం మానేయాలా?

గోదావరి జిల్లాల మనిషిని అన్నం మానేయమంటే ముందు సరేనంటాడు, తర్వాత డాక్టరునే మానేస్తాడు. అన్నం తగ్గించాలి, కొలవాలి. ఇంట్లో ఒక కప్పు ఎంచుకుని పూటకు ఎన్ని కప్పులో రాయండి. ముందు కూర, పప్పు, ఆకుకూర తిని తర్వాత అన్నంలోకి వెళితే పెరుగుదల కాస్త నెమ్మదిస్తుంది. దంపుడు బియ్యం కొంత నయం, కానీ అది దంపుడు బియ్యమని రెండు కప్పులు ఎక్కువ తింటే లెక్క సరి. రాగి జావ మంచిదని గ్లాసుల కొద్దీ తాగేవారు తాగిన రెండు గంటలకు ఒకసారి గుచ్చుకుని చూడండి. పులస ముక్కతో పేచీ లేదు, పులుసు కలుపుకోవడానికి పెట్టుకునే అన్నంతోనే. బెల్లంతో చేసిన ఆత్రేయపురం పూతరేకు పంచదారదాని కంటే మంచిదా అంటే, మీ రక్తానికి రెండూ ఒకటే.

ఫోను ఇక్కడ చక్కగా పనికొచ్చే మార్గం ఒకటుంది. మూడు రోజులు తినే ముందు కంచాన్ని ఫొటో తీయండి, దాని కింద రెండు గంటల తర్వాతి అంకె రాయండి, డాక్టరుకో పోషకాహార నిపుణులకో పంపండి. "మితంగా తింటున్నానండి" అన్న మాట కంటే ఆ ఫొటో ఎక్కువ చెబుతుంది. సంక్రాంతి అరిసెల గురించి కూడా ముందే అడగండి. ఎలాగూ తినేదే.

వరద వస్తే?

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉండేవారు మొదటి హెచ్చరిక వినగానే మందుల డబ్బా తెరిచి చూడాలి. 2022 జూలైలో లాగా నీళ్లు రోజుల తరబడి చుట్టుముడితే పడవ మీద ముందుగా వచ్చేది పాలు, బియ్యం. మీరు వాడే మాత్ర కాదు. రెండు వారాల మందులు, స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొట్లం, చీటీ నకలు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. చీటీ ఫొటో వేరే ఊళ్లోని బంధువు ఫోనులో కూడా ఉండాలి.

కరెంటు పోతే ఇన్సులిన్ ఏమవుతుందన్నది అందరి భయం. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుకలో ఉన్నది చల్లని చోట, ఎండ తగలకుండా ఉంటే సుమారు నాలుగు వారాలు పనికొస్తుంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి, తడి ఇసుకలో కుదురుగా నిలిపిన మట్టికుండలో పెడితే చాలు. ఐసు మీద నేరుగా పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

సిగ్నల్ బలహీనంగా ఉంటే వీడియో కోసం తంటాలు పడకండి. అంకెలు, లక్షణాలు రాసి సందేశం పంపితే ఎప్పుడో ఒకప్పుడు వెళుతుంది. నీళ్లు మారి విరేచనాలు, వాంతులు, జ్వరం పట్టుకుంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్‌ను, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలను కొద్ది రోజులు ఆపమంటారు. తిండి సరిగా తినడం లేదని ఇన్సులిన్‌ను మీ అంతట మీరు పూర్తిగా మానేయకండి.

నేను కువైట్‌లో పని చేస్తున్నాను. ఊళ్లో ఉన్న అమ్మ తరఫున నేను మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. రోగి ఒప్పుకుంటే కుటుంబసభ్యులు కాల్‌లో కలవవచ్చు. అమ్మ, మీరు, డాక్టరు ముగ్గురూ ఒకే కాల్‌లో ఉంటే మంచిది. కాకపోతే జవాబులు అమ్మను చెప్పనివ్వండి. "ఏమండీ, మా అమ్మ అసలు మాట వినదు" అని కూతురు మొదలుపెడితే, ఆ తర్వాత ఆవిడ తలనొప్పి గురించి గాని తిమ్మిర్ల గురించి గాని నోరెత్తదు. కాల్ అయ్యాక "అమ్మా, డాక్టరు గారు ఏం చెప్పారో ఒకసారి చెప్పు" అని అడిగి చూడండి. ఆవిడ చెప్పినది చీటీతో సరిపోలకపోతే మళ్లీ వివరించాలి.

మీకే షుగరు ఉండి, అక్కడి నుంచి ఇక్కడి డాక్టరును సంప్రదించడం వేరే సంగతి. మన మార్గదర్శకాలు దేశం వెలుపలి సంప్రదింపులకు వర్తించవు. సలహా అడగవచ్చు గాని మందులు అక్కడి డాక్టరు చేతనే రాయించుకోవాలి.

మా ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఉండగా ఇదంతా ఎందుకు?

అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఆయనే, కాదనను. బీపీ చూడటానికి, వీడియో కాల్ కలపడానికి ఆయన సాయం తీసుకోండి. షుగరు మోతాదు మార్చడం మాత్రం ఆయన పని కాదు. మోకాళ్ల నొప్పికి, ఆయాసానికి వేసే కొన్ని ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉంటుంది. అది పడిన కొన్ని రోజుల పాటు షుగరు బాగా పెరుగుతుంది. ఏ ఇంజెక్షన్ వేయించుకున్నా దాని పేరు రాయించుకుని, కాల్‌లో డాక్టరుకు చెప్పండి. లేకపోతే ఆ వారం అంకెలు చూసి అనవసరంగా మందు పెంచుతారు.

మోసపోకుండా ఎలా ఉండాలి?

షుగరును శాశ్వతంగా నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. బరువు బాగా తగ్గిన కొందరికి డాక్టరు పర్యవేక్షణలో మందులు లేకుండానే అంకెలు అదుపులో ఉండటం నిజమే, అది పొడుల వల్ల వచ్చేది కాదు. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. "టోకెన్ కోసం" అంటూ ఎవరైనా ఫోను చేసి ఓటీపీ అడిగితే పెట్టేయండి. వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఫైలును తెరవకండి.

ఇంతకీ నేరుగా ఎన్నిసార్లు వెళ్లాలి?

అంకెలు గీతలోపు ఉంటే ఏడాదికి రెండుసార్లు చాలు. లేకపోతే మూడు నెలలకోసారి. హెచ్‌బీఏ1సీ కూడా అదే లెక్కన. మధ్య నెలలన్నీ ఫోనులో నడిపించవచ్చు. వెళ్లే రెండుసార్లలో ఒకదానికి కళ్లు, పాదాలు, మూత్రం, క్రియాటినిన్, కొలెస్టరాల్ అన్నీ కలిపి పెట్టుకుంటే ఒక్క రోజు కూలితో పోతుంది. నాట్లు, కోతలు, పండగ వారం తప్పించి తేదీ ఎంచుకోండి. ఆ రోజు పరగడుపున బయలుదేరేటప్పుడు మాత్రలు, ఇన్సులిన్ ఇంట్లో వేసుకోకుండా సంచిలో పెట్టుకోండి. మొదటి రక్తం ఇచ్చాక, టిఫినుకు ముందు ఎప్పటిలాగే వేసుకోవాలి. అవి మానేసి ఇచ్చిన రెండో రక్తం అంకె డాక్టరుకు పనికిరాదు. సంచిలోనే ఒక గ్లూకోజ్ పొట్లం కూడా వేసుకోండి, రేవు దగ్గర పడవ ఎంతసేపటికి వస్తుందో చెప్పలేం.